కందకంలో సాంచల సైగలు

ట్రక్కు మమ్మల్ని చెట్ల వరస మొదట్లో దింపి, ఇంజను ఆపకుండానే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నవంబరు నెల, పొద్దున ఏడు గంటలు. పడుతున్నది వానా కాదు, మంచూ కాదు. అక్కడి నుంచి మా కందకానికి తొమ్మిది కిలోమీటర్ల నడక. ఛాతీకి ఇనప పలకల జాకెట్టు, వీపు మీద నలభై కిలోలు: తూటాలు, నీళ్లు, పార, నిద్రసంచి, రక్తం ఆపే పట్టీలు. బురద మోకాలి దాకా. నాలుగు గంటలు నడిచాం. ఆ నాలుగు గంటల్లో మా కమాండర్ రెండే మాటలు మాట్లాడాడు. ఒకటి "దూరం దూరంగా నడవండి". రెండోది "పైకి చూస్తూ ఉండండి".

పైన డ్రోన్లు తిరుగుతాయి. చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మంత ఉంటాయి. కడుపు కింద గ్రెనేడు వేలాడుతుంటుంది. ఆ యుద్ధంలో మనిషిని మనిషి చూసి చంపడం చాలా తక్కువ. ఎక్కడో కూర్చున్నవాడు తెర మీద నిన్ను చూస్తుంటాడు. వాడి ముఖం నీకు ఎప్పటికీ తెలియదు.

ఏ దేశమో రాయను. మా వకీలు వద్దన్నాడు, ఆయన వద్దన్నదాన్ని నేను సగమే పాటిస్తున్నాను కాబట్టి ఆ సగమైనా పాటించాలి. నాది సూరత్, పర్వత్ పాటియా. తాత కాలంలో సిరిసిల్ల వైపు నుంచి సాంచలు నడపడానికి వచ్చిన కుటుంబం మాది. సాంచలంటే కరెంటు మగ్గాలు. పద్నాలుగేళ్లు వాటి మధ్య పనిచేసి, రిపేర్లు చేసే మాస్టర్‌నయ్యాను. ఆ పనిమీదే, యుద్ధం జరుగుతున్న ఆ దేశానికి పొరుగున ఉన్న ఇంకో దేశంలో ఒక బట్టల మిల్లుకి వెళ్లాను. అక్కడ నా పక్క మిషన్ల మీద ఉన్నవాళ్లలో సగంమంది ఆ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు. భోజనాల దగ్గర ఫోన్లు తీసి వాళ్ల ఇళ్లు చూపించేవాళ్లు. మొదటి ఫొటోలో ఇల్లు, రెండో దాంట్లో గోడ, మూడో దాంట్లో మట్టి. రెండేళ్లు అవే చూశాను. ఒకరోజు వెళ్లి విదేశీ వాలంటీర్ల దళంలో సంతకం పెట్టాను. జీతం మిల్లు కంటే ఎక్కువ, అది దాచను. కానీ జీతానికే అయితే మొదటి వారంలోనే పారిపోయేవాణ్ణి.

నాతో చేరినవాళ్లలో సగంమంది అలాగే పోయారు. నల్ల కళ్లద్దాలు, కండలు, చేతినిండా పచ్చబొట్లు. శిక్షణలో మొదటి పని మరుగుదొడ్లు కడగడం. రెండో పని గుంత తవ్వడం. మూడో పని తవ్విన గుంత పూడ్చి పక్కన ఇంకొకటి తవ్వడం. నాలుగో రోజుకి కళ్లద్దాలవాళ్లు ఒక్కొక్కరే కనిపించకుండా పోయారు. ఎవరూ వాళ్లని ఆపలేదు. ఆ దళం పద్ధతే అది. శిక్షణలో ఉండగా ఎవరైనా పోవచ్చు, ఆ తర్వాత ఆరు నెలలు దాటిన విదేశీయుడు ఎప్పుడైనా చెప్పి వెళ్లిపోవచ్చు. ఉన్నవాళ్లని కూడా, ముందు వరసకి వెళ్లే ప్రతిసారీ కమాండర్ ఒక్కొక్కరి ముందు నిలబడి "వస్తావా?" అని అడుగుతాడు. రానన్నవాడు వెనక ఉండి నీళ్లు మోస్తాడు, వంట చేస్తాడు. వాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. వినడానికి బాగుంటుంది. ఉండి చూస్తే తెలుస్తుంది, ఆజ్ఞ వేస్తే చచ్చినట్టు పోవడం సులువు, అడిగితే ఒప్పుకోవడం కష్టం. ప్రతిసారీ నీ నోటితో నువ్వే అనాలి.

మా కందకం నలుగురికి. కమాండర్ ఆ దేశంవాడే, యుద్ధానికి ముందు రొట్టెల బట్టీ నడిపేవాడు. మెడిక్ నేపాలీ, ఆసుపత్రిలో నర్సుగా చేసినవాడు, నాతో హిందీలో మాట్లాడేవాడు. మెషిన్ గన్ పట్టేవాడు కొలంబియా మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు. అందరం అతన్ని గన్నర్ అనే పిలిచేవాళ్లం. నాలుగోవాణ్ణి నేను. అందరికీ కలిపి ఉన్న భాష వచ్చీరాని ఇంగ్లీషు. అది కూడా తలకి ఇరవై మాటలకి మించదు.

పైన మూడు వరసల దుంగలు, వాటి మీద మట్టి. లోపల కూర్చుంటే తల తగులుతుంది. గన్నర్ అయితే మూడు నెలలు వంగే ఉన్నాడు. నీళ్లు మనిషికి రోజుకి లీటరున్నర, అదీ డ్రోన్ తెచ్చి పడేస్తే. సగం సీసాలు పగిలిపోయేవి. స్నానం లేదు. పగలు బయటకి పోవడం లేదు కాబట్టి అన్ని పనులూ సీసాల్లో, సంచుల్లో లోపలే. ఎలుకలు మా రొట్టె తినేవి, మా బూట్ల తోలు తినేవి, నిద్రపోతే ముఖం మీద నడిచేవి. పాదాలు నాని తెల్లగా ఉబ్బేవి. మెడిక్ రోజూ సాయంత్రం ముగ్గురి పాదాలూ ఒళ్లో పెట్టుకుని, తుడిచి, వేళ్ల మధ్య పౌడరు రాసేవాడు. కన్నతల్లి కూడా ముట్టుకోని పాదాలు అవి. "మీ కాళ్లు పోతే మిమ్మల్ని మోయాల్సింది నేను. నా నడుం కోసం చేస్తున్నా" అనేవాడు. అబద్ధం. ఆ మనిషి మంచితనాన్ని అలా దాచుకునేవాడు.

మొదటి రోజే నా వల్ల గొడవైంది. కందకంలో గుసగుసగానే మాట్లాడాలి. నేను గుసగుసగానే అడిగాను, టీ ఉందా అని. ముగ్గురూ ఒక్కసారి నేల మీద బోర్లా పడ్డారు. కమాండర్ పాక్కుంటూ వచ్చి నా నోరు మూశాడు.

"నీకు పిచ్చా? అవతలి వరసకి వినపడింది."

సాంచల కార్ఖానాలో పనిచేసినవాడికి గుసగుస అంటే ఏమిటో తెలియదు. వంద సాంచలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అక్కడ పెరిగిన గొంతు ఎంత తగ్గించినా బజారు గొంతే. మా ఇంట్లో పెళ్లిచూపులు కూడా అరుచుకుంటూనే జరిగాయి. అవతలివాళ్లు జగడం అనుకుని లేచిపోబోయారు.

కమాండర్ ఆజ్ఞ వేశాడు. "నువ్వు మాట్లాడకు. అస్సలు."

సరే. నాకు నోరు లేకుండా బతకడం కొత్త కాదు. కార్ఖానాలో పన్నెండు గంటలు మేము చేతులతోనే మాట్లాడుకుంటాం. బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీస్తే దారం తెగింది. పిడికిలి ముందుకి లాగితే మిషన్ నడుస్తోంది. అరచెయ్యి కిందికి నొక్కితే ఆపు. చెయ్యి వెనక్కి తిప్పితే పడుగు, అంటే నిలువు దారాలు, వదులు చెయ్యి. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే తాకా కోసెయ్యి, అంటే బట్ట పూర్తయింది, కోసి దించెయ్యి అని. లేని మీసం మెలితిప్పితే యజమాని శేఠ్ వస్తున్నాడు, ఫోన్లు లోపల పెట్టుకోండి అని.

నేను ఇవన్నీ చేస్తుంటే మొదట గన్నర్ నవ్వాడు. తర్వాత నేర్చుకున్నాడు. రెండు వారాల్లో నలుగురం అవే వాడుతున్నాం. డ్రోన్ మోత వినపడితే కమాండర్ గంభీరంగా మీసం మెలితిప్పేవాడు. శేఠ్ వచ్చాడు, కదలకండి. ఆ పెద్దమనిషి సూరత్ శేఠ్‌ని ఒక్కణ్ణి కూడా చూసి ఎరగడు. రేడియో అవతలివాళ్లకి వినపడుతుందేమోనని భయం, చేతులకి ఆ భయం లేదు. మా కార్ఖానాలో ఏ ముసలాయన పెట్టిన సైగలో ఏమో, అంత దూరం పోయి పనికొచ్చాయి.

మా ఎడమ వైపు, ఖాళీ పొలానికి అవతల వంద మీటర్ల దూరంలో ఒక గుంత ఉండేది. మెషిన్ గన్ అక్కడే. గన్నర్ తెల్లవారుజామున పాక్కుంటూ అక్కడికి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాడు. ఆ పొలంలో పగలు ఎలుక కదిలినా డ్రోన్ వచ్చి పడేది. జనవరిలో ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకి ఆ గుంత నోటి దగ్గర డ్రోన్ పేలింది. పొగ లేచింది. కమాండర్ రేడియోలో పిలిచాడు.

"గన్నర్, చెప్పు. గన్నర్, చెప్పు."

ఏమీ లేదు. నేను దుంగల సందులోంచి దుర్భిణి పెట్టి చూస్తున్నాను. చాలాసేపటికి గుంతలోంచి ఒక చెయ్యి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి విడిపోయాయి. దారం తెగింది. తర్వాత రెండు వేళ్లు కిందికి చూపించాడు. రెండు కాళ్లూ. ఆ తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టి, విసిరేసినట్టు చూపించాడు. రేడియో పోయింది.

"బతికున్నాడు" అన్నాను. ఈసారి నా నోరు ఎవరూ మూయలేదు.

మెడిక్ అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. కమాండర్ అతని జాకెట్టు వెనక నుంచి పట్టుకున్నాడు.

"పగలు ఆ పొలం దాటలేవు. నువ్వు పోతే ఇద్దరూ పోతారు."

"పట్టీలు కట్టుకునే ఉంటాడు. కట్టి వదిలేస్తే కాళ్లు చస్తాయి. రెండు గంటల్లో ఏదో ఒకటి చెయ్యాలి."

"పొగమంచు వస్తేనే. అంతవరకు లేదు."

మెడిక్ కిందికి కూలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"భాయ్, వాడు నిన్ను చూడగలడా?"

గన్నర్ తుపాకీకి దూరం చూసే గొట్టం ఉంది. చూడగలడు. కందకం పక్కన కూలిన గోడ ఒకటి ఉంది. దాని వెనక మోకాళ్ల మీద కూర్చుంటే పొలం వైపు నా ఛాతీ, చేతులు కనిపిస్తాయి, పై నుంచి రేకు అడ్డం ఉంటుంది. నేను అక్కడ కూర్చున్నాను. మెడిక్ నా వెనక పడుకున్నాడు. అతను చెప్పేవాడు, నేను చేతుల్లో పెట్టేవాణ్ణి.

కార్ఖానాలో డాక్టరు పని సైగలు లేవు. ఉన్నవాటితోనే కుట్టుకొచ్చాం. ముందు ఎడమ తొడ. గాయంలో గాజుగుడ్డ కుక్కు అనడానికి పిడికిలి అరచేతిలోకి పొడిచాను. గట్టిగా కట్టు అనడానికి, పడుగు చుట్టే బీము బిగించే సైగ. ఆగు, అరచెయ్యి కిందికి. ఆ తర్వాత పైన కట్టిన పట్టీ మెల్లగా వదలాలి. పడుగు వదులు చెయ్యి, మెల్లగా, మెల్లగా. చెయ్యి వెనక్కి తిప్పుతూనే ఉన్నాను. వంద మీటర్ల అవతల ఆరడుగుల మనిషి, తన తొడలోకి తన వేళ్లే దోపుకుంటూ, మధ్యమధ్య తల ఎత్తి నా చేతులు చూస్తున్నాడు. ఒక్కసారి కూడా అరవలేదు. అరిస్తే మాకు వినపడేది.

చాలాసేపు ఏమీ కనిపించలేదు. మెడిక్ నేపాలీలో ఏదో గొణుగుతున్నాడు, దేవుణ్ణి తిడుతున్నాడో మొక్కుతున్నాడో తెలియలేదు. అప్పుడు చెయ్యి లేచింది. పిడికిలి ముందుకి లాగింది. మిషన్ నడుస్తోంది. రక్తం ఆగింది, పట్టీ వదిలాడు. ఎడమ కాలు ఉంటుంది. మెడిక్ నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచాడు.

తర్వాత గన్నర్ కుడి కాలు వైపు చూపించాడు. అరచెయ్యి పైకి తిప్పాడు. మరి ఇది?

మెడిక్ పాదం సంగతి అడగమన్నాడు. అడిగాను. గన్నర్ పిడికిలి మూసి, వేళ్లన్నీ ఒక్కసారి విప్పి విదిలించాడు. నుజ్జయిపోయింది.

"ఆ కాలి పట్టీ ముట్టుకోవద్దని చెప్పు. వదులు చేస్తే అక్కడే పోతాడు" అన్నాడు మెడిక్.

చెప్పాను. గన్నర్ మళ్లీ అరచెయ్యి పైకి తిప్పాడు. అదే ప్రశ్న.

"ఏం చెప్పాలి?" అన్నాను.

"నిజం చెప్పు. నేనే అయితే నిజమే అడిగేవాణ్ణి."

కాలు తీసేస్తారు అనడానికి నా దగ్గర ఒక్కటే సైగ ఉంది. కార్ఖానాలో అందరికీ ఇష్టమైన సైగ అది. అది చూస్తే బట్ట దిగిందని సంతోషపడతారు. రెండు వేళ్లు ఎత్తాను. కత్తెరలా ఆడించాను. పద్నాలుగేళ్లలో కొన్ని వేలసార్లు చేసినదాన్ని ఆ ఒక్కసారి చెయ్యలేక చేశాను.

దుర్భిణి తీసుకున్నాను. దుర్భిణిలో అతని ముఖం కనిపిస్తోంది. ముఖం పైకెత్తి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. అప్పుడు చెయ్యి మెల్లగా మూతి దగ్గరకి వచ్చి, లేని మీసం మెలితిప్పింది.

నాకు నవ్వొచ్చింది. కాలు పోతుందని చెబితే మీసం తిప్పుతున్నాడు, ఎంత మొండివాడు అనుకున్నాను. మళ్లీ తిప్పాడు, ఈసారి గట్టిగా, రెండుసార్లు. మెడిక్‌కి నాకంటే ముందు అర్థమైంది. నా కాలరు పట్టి వెనక్కి లాగి, కందకంలోకి విసిరేసి నా మీద పడ్డాడు. గోడ పేలిపోయింది. రేకు ముక్కలు దుంగల మీద వాన పడ్డట్టు పడ్డాయి.

శేఠ్ వచ్చాడు. సాంచల మోతకి సగం పోయిన నా చెవులకి డ్రోన్ వినపడలేదు. తన కాలు తీసేస్తారని తెలిసిన ఆ క్షణంలో ఆ మనిషి తన కాలు చూసుకోలేదు. మా నెత్తిన ఏముందో చూశాడు. నేను ఈ రోజు బతికి ఇది రాస్తున్నానంటే అందుకే. దీనికి ధైర్యం అనే మాట సరిపోదు, నా దగ్గర వేరే మాట లేదు.

ఆ రోజు పొగమంచు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మేము సందులోంచి చూస్తూ ఉండేవాళ్లం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిడికిలి లేచి ముందుకి లాగేది. మిషన్ నడుస్తోంది. చీకటిలో వెళ్దామంటే వేడిని చూసే డ్రోన్లు పగటి వాటికంటే ఎక్కువ తిరిగేవి. మెడిక్ అన్నం ముట్టలేదు. కమాండర్ రేడియోలో వెనకవాళ్లని బతిమాలాడు, బూతులు తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. నా ఆరు నెలలూ అప్పటికే దాటిపోయాయి. ఒక్క మాట చెబితే నేను వెళ్లిపోవచ్చు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున లేచేసరికి ఎదురుగా ఉన్న చెట్టు లేదు. పొగమంచు అంత దట్టంగా ఉంది. కమాండర్ మెడిక్ ముందు నిలబడ్డాడు.

"వస్తావా?"

మెడిక్ జవాబు చెప్పకుండా స్ట్రెచర్ తీసుకున్నాడు. కమాండర్ ఊరుకోలేదు, మళ్లీ అడిగాడు. అడగడం పద్ధతి. "వస్తా" అన్నాడు మెడిక్ విసుగ్గా. తర్వాత నా ముందుకి వచ్చాడు.

"వస్తావా?"

"వస్తా" అన్నాను. నా గొంతు పొలమంతా వినపడిందేమో. ఆ రోజు ఎవరూ తిట్టలేదు.

తెచ్చాం. గుంత దగ్గరికి పోవడం, ఎత్తుకోవడం, తొమ్మిది కిలోమీటర్లు మోయడం అంతా మంచులోనే అయింది. దారిలో గన్నర్ రెండుసార్లు స్పృహ తప్పాడు, లేచినప్పుడల్లా మమ్మల్ని మెల్లగా నడవమన్నాడు, మాకు ఆయాసం వస్తోందని. ఆసుపత్రిలో కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఎడమ కాలు నిలిచింది. ఇప్పుడు తన ఊళ్లో ఉన్నాడు. అప్పుడప్పుడు వీడియో కాల్ చేస్తాడు. భాష లేదు కాబట్టి చేతులతోనే మాట్లాడుకుంటాం.

నేను ఏప్రిల్లో సూరత్ వచ్చాను. స్టేషన్‌కి నా భార్య రమ, మా బావమరిది వచ్చారు. రమ నన్ను చూసి ఏడవలేదు, నా పాదాల వైపు చూసింది.

"ఏంది గిట్ల కుంటుతున్నవ్?"

"ఏం లేదు, బూట్లు కొత్తయి."

"నాకు చెప్పకు జూట్ మాటలు. ఇంటికి పా, చూస్తా."

నెల రోజులు అందరూ వచ్చి చూసిపోయారు. పక్కింటి పోశెట్టి మామ కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాడు.

"జర నిజం చెప్పు అల్లుడా, ఎంతమందిని లేపేసినవ్?"

"ఒక్కణ్ణి కూడా సూడలే మామా."

"మరి గన్ని దినాలు ఏం జేసినవ్ ఆడ?"

"చేతులు ఊపిన."

మామకి కోపం వచ్చింది, ఎగతాళి చేస్తున్నాననుకుని లేచిపోయాడు. ఆయనది తప్పు కాదు. ఆయనకి కావలసిన యుద్ధం నా దగ్గర లేదు. నా దగ్గర ఉన్నది వీళ్లు ముగ్గురు. పాదాలు తుడిచినవాడు, ప్రతిసారీ అడిగినవాడు, మీసం తిప్పినవాడు. వీళ్లలాంటివాళ్ల పక్కన కొన్నాళ్లు కూర్చోగలిగాను, ఆ గర్వం నాకు ఉంది.

గుంతలో చూసింది మాత్రం ఇప్పటిదాకా రమకి కూడా చెప్పలేదు. మంచులో తడుముకుంటూ మేము అంచు మీదికి చేరి లోపలికి తొంగిచూశాం. గన్నర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, వెళ్లడానికి తయారైనట్టు. తుపాకీ తుడిచి పెట్టాడు. ఖాళీ సీసాలన్నీ ఒక సంచిలో వేసి మూతి కట్టాడు. గాయం చూసుకోవడానికి రెండు బూట్లూ విప్పాడు, కుడిదాని లేసు కత్తితో కోయాల్సి వచ్చింది. ఆ బూటు ఇక తొడగనని తెలిసీ, కోసిన ఆ లేసుని మళ్లీ ముడేశాడు. రెండింటికీ బురద తుడిచాడు. రెంటినీ జతగా, ముందు భాగం బయటి వైపుకి ఉండేలా, పక్కపక్కన పెట్టాడు.